హిమాలయ ధీరుడు టెన్సింగ్ నార్గే

సాహసం వేరు, దుస్సాహసం వేరు. ఎదుటనున్న అపాయాన్ని గుర్తించక దూకేవాడు దుస్సాహసి. అపాయాన్ని చక్కగా ఎరిగి, తన బలాన్నీ తోటివారి బలాన్నీ తూచి చూసుకొని, అడుగు వేయవలసిన చోట వేసి, ఆగవలసిన చోట ఆగేవాడు సాహసి. ఈ రెండింటికీ గల భేదం పుస్తకపఠనం వల్ల మాత్రమే తెలిసేది కాదు. తోటివారితో కలిసి కష్టమార్గంలో నడిచినప్పుడే అది మనసుకు పడుతుంది. ఈ సత్యానికి నిలువెత్తు నిదర్శనం టెన్సింగ్ నార్గే జీవితం. 1953 మే 29న ఎడ్మండ్ హిల్లరీతో కలిసి అతడు ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించిన సంగతి లోకమంతా ఎరిగినదే. ఆ శిఖరాన్ని చేరుకోవడానికి ముందు అతడు ఎన్నిమార్లు వెనుదిరిగాడో, చేరుకున్న తరువాత రెండు దశాబ్దాలకు పైగా ఏ పనికి అంకితమయ్యాడో ఎరిగినవారు తక్కువ.

టెన్సింగ్ 1914లో ఒక పేద షెర్పా కుటుంబంలో జన్మించాడు. తండ్రి మింగ్మా జడలబర్రెల కాపరి. తల్లి పేరు కిన్జోమ్. ఆ దంపతులకు కలిగిన పదమూడుమంది సంతానంలో పలువురు పసితనంలోనే మరణించారు. తల్లిదండ్రులు అతనికి మొదట పెట్టిన పేరు నాంగ్యాల్ వాంగ్డి. రోంగ్‌బుక్ మఠాధిపతి సలహా మేరకు ఆ పేరు టెన్సింగ్ నార్గేగా మారింది. ధర్మాన్ని అనుసరించే భాగ్యశాలి అని దాని భావం. నేపాల్‌లోని ఖుంబూ ప్రాంతంలో, థామే గ్రామంలో అతని బాల్యం గడిచింది. బడి లేదు, పలక లేదు. జీవితాంతం అతనికి చదవడం, రాయడం పట్టుబడలేదు. అయినా వినికిడి వల్లనే పలు భాషలు మాట్లాడగలిగాడు. జడలబర్రెలను ఎత్తయిన పచ్చిక మైదానాలకు తోలుకుపోయేటప్పుడు ఆ బాలునికి దూరాన ఒక మహాపర్వతం కనిపించేది. షెర్పాలు దానిని చోమోలుంగ్మా అని కొలుస్తారు. లోకం దానిని ఎవరెస్టు అని పిలుస్తుంది.

ఆ కాలంలో హిమాలయ యాత్రలకు వచ్చే పాశ్చాత్యుల బరువులు మోయడం షెర్పాలకు జీవనాధారం. ఆ జీవనాధారంలోనే మృత్యువు కూడా పొంచి ఉండేది. 1922లో ఎవరెస్టు ఉత్తర పార్శ్వాన విరుచుకుపడిన హిమపాతంలో ఏడుగురు మోతగాళ్లు ప్రాణాలు కోల్పోయారు. శిఖరం ఎక్కితే కీర్తి దొరలది, మంచు విరిగిపడితే ముప్పు అందరిది. ఈ లోకరీతిని టెన్సింగ్ చిన్ననాటి నుంచే ఎరుగును. అయినా కొండ అతనిని పిలుస్తూనే ఉన్నది. పద్దెనిమిదేళ్ల ప్రాయంలో ఇల్లు విడిచి డార్జిలింగ్ చేరాడు. 1933 నాటి ఎవరెస్టు యాత్రకు కూలీగా పోదలచినా ఎంపిక కాలేదు. 1935లో ఎరిక్ షిప్టన్ నాయకత్వాన బయలుదేరిన బృందంలో చివరి క్షణంలో అతనికి చోటు దొరికింది. అనుభవం లేని ఆ యువకుని చిరునవ్వు షిప్టన్‌ను ఆకర్షించిందని చెబుతారు. అటుపిమ్మట 1936, 1938 యాత్రల్లోనూ అతడు పాల్గొన్నాడు. 1938లో 8,200 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్న శిబిరానికి బరువులు చేరవేసి, మేటి షెర్పాలకు ఇచ్చే వ్యాఘ్ర పతకాన్ని పొందాడు.

బరువులు మోసేవాడు బృందాన్ని నడిపేవాడుగా మారిన ఘట్టం 1947లో సంభవించింది. ఆ ఏడాది స్విట్జర్లాండుకు చెందిన బృందం గఢ్వాల్ హిమాలయాల్లో కేదార్‌నాథ్ శిఖరాన్ని ఎక్కబూనింది. షెర్పాల సర్దారు వాంగ్డి నోర్బు ఒక స్విస్ పర్వతారోహకునితో ఒకే తాడుకు కట్టుకొని నడుస్తూ కాలుజారి పడిపోయాడు. అతని కాలు విరిగింది. ఆ రాత్రి అతనిని కిందికి దించడం సాధ్యపడలేదు. మరునాడు టెన్సింగ్ ఇతరులతో కలిసి పైకి వెళ్లి, గాయపడిన సర్దారును క్షేమంగా దించుకువచ్చాడు. ఆ తరువాతనే స్విస్ బృందం టెన్సింగ్‌ను సర్దారుగా ఎంచుకొన్నది. కొన్నాళ్లకు అతడు ఆ బృందంతో కలిసి 6,940 మీటర్ల కేదార్‌నాథ్ శిఖరాన్ని చేరుకున్నాడు. నాయకత్వం అతనికి పదవిగా రాలేదు. ఆపదలో ఉన్న తోటివానికోసం తిరిగి పైకి ఎక్కిన పాదాలకు అది తానై వచ్చి చేరింది.

అపాయాన్ని ముందుగా పసిగట్టడం ఎంత అవసరమో, దానిని పెడచెవిన పెడితే ఏమవుతుందో 1950లో అతడు కళ్లారా చూశాడు. ముగ్గురు ఆంగ్ల యువకులు శీతకాలంలో నంగా పర్బత్ మీదికి పోవడానికి సంకల్పించారు. 1934, 1937 సంవత్సరాల్లో ఆ పర్వతం పలువురు జర్మన్ పర్వతారోహకులను, షెర్పాలను పొట్టన పెట్టుకున్నది. చలికాలంలో దాని మీదికి పోవడం ప్రాణాంతకమని టెన్సింగ్ హెచ్చరించాడు. తానూ తన వెంటనున్న షెర్పాలూ పైకి రాలేమని స్పష్టంగా చెప్పాడు. కూలి పోతుందనీ పేరు పోతుందనీ అతడు జంకలేదు. యువకులు వినలేదు. వారిలో ఒకడు మంచుకాటుకు గురై వెనుదిరిగాడు. మిగిలిన ఇద్దరు, థార్న్‌లీ, క్రేస్, తుపానులో చిక్కుకొని మరి కనిపించలేదు. తాను వలదన్న యాత్రయే అయినా, వారిని వెదకడానికి టెన్సింగ్ ఆ చలిలోనే బయలుదేరాడు. ప్రయత్నం ఫలించలేదు.

మరుసటి ఏడాది, 1951లో, నందాదేవి మీద ఇటువంటి విషాదమే జరిగింది. ఫ్రెంచి బృంద నాయకుడు రోజర్ డ్యూప్లా, అతని సహచరుడు గిల్బర్ట్ వీన్యె ప్రధాన శిఖరం నుంచి తూర్పు శిఖరానికి గట్టు వెంట నడచిపోవాలని సాహసించి అదృశ్యమయ్యారు. వారి జాడ తెలుసుకొనేందుకు టెన్సింగ్, లూయీ డ్యూబోస్ట్ అనే ఫ్రెంచి పర్వతారోహకుడు 7,434 మీటర్ల తూర్పు శిఖరాన్ని ఎక్కారు. గట్టుమీద ఎటుచూసినా మంచు తప్ప మనిషి కనిపించలేదు. ఆ అధిరోహణ తన జీవితంలో అన్నింటికంటె కఠినమైనదని టెన్సింగ్ తరువాతి కాలంలో భావించేవాడు. వరుసగా రెండేళ్లు మిత్రుల మరణాలను చూసిన మనిషి కొండను విడిచిపెట్టవచ్చు, లేదా మృత్యువును లెక్కచేయని మొండితనం అలవరచుకోవచ్చు. టెన్సింగ్ ఈ రెండూ చేయలేదు. కొండను మరింత జాగ్రత్తగా చదవడం నేర్చుకున్నాడు.

ఆ చదువు 1952లో అక్కరకు వచ్చింది. అప్పటికి టిబెట్టు దారి మూసుకుపోయింది, నేపాల్ దారి తెరచుకున్నది. స్విస్ బృందం ఖుంబూ హిమప్రపాతం మీదుగా, ఎవరికీ పరిచయం లేని దక్షిణ మార్గంలో ఎవరెస్టుకు బయలుదేరింది. టెన్సింగ్‌ను సర్దారుగానే కాక, తమతో సమానుడైన పర్వతారోహకునిగా ఆ బృందం స్వీకరించింది. అక్కడ రేమాన్ లాంబేర్‌తో అతనికి గాఢమైన స్నేహం కుదిరింది. లాంబేర్ మంచుకాటు వల్ల కాలివేళ్లను పోగొట్టుకొని కూడా కొండలను వదలని ధీరుడు. ఒకరి భాష మరొకరికి రాదు. అయినా ఒకే తాడుకు కట్టుకొన్న ఆ ఇద్దరికీ మాటల అవసరం అంతగా కలుగలేదు. దాదాపు 8,400 మీటర్ల ఎత్తున, పరుపు సంచులు లేక, పొయ్యి లేక, కొవ్వొత్తి వెలుగుపై మంచు కరిగించుకొని గొంతు తడుపుకొంటూ, ఒకరినొకరు తట్టుకొంటూ రాత్రి గడిపారు. మే 28న మరికొంత పైకి సాగారు. ప్రాణవాయువు పరికరాలు సరిగా పనిచేయలేదు. గంటల తరబడి శ్రమించినా ముందుకు సాగినది కొద్ది దూరమే. అంతవరకు మానవుడెవ్వడూ ఎక్కి తిరిగివచ్చినట్లు నిర్ధారణ కాని ఎత్తు అది. శిఖరం మరో రెండు వందల యాభై మీటర్ల దూరాన కనిపిస్తూనే ఉన్నది. ఇంకా పైకి పోతే చేరుకోగలరేమో కాని, తిరిగి దిగలేరని ఇద్దరికీ అర్థమయింది. వారు వెనుదిరిగారు.

ఇరవై ఏళ్లుగా ఎదురుచూసిన కోరిక కళ్లెదుట ఉండగా వెనుకకు తిరగడానికి ఎంత మనోనిబ్బరం కావాలి! శిఖరం కంటె తోటివాని ప్రాణం విలువైనదన్న వివేకం అతని చేత ఆ అడుగు వేయించింది. అదే సంవత్సరం శరత్కాలంలో స్విస్సులతో మరల వెళ్లినప్పుడు, పైనుండి రాలిన మంచుగడ్డలు తగిలి మింగ్మా దోర్జే అనే షెర్పా మరణించాడు. మిగిలిన షెర్పాలు కుంగిపోయారు. టెన్సింగ్ వారి దుఃఖాన్ని పంచుకొని, ధైర్యం చెప్పి, దక్షిణ కనుమ వరకు వెంట నిలిచాడు. శీతగాలులు ఉద్ధృతం కాగా బృందం అక్కడినుంచి వెనుదిరిగింది. ఒకే ఏడాదిలో రెండు యాత్రలు అతని శరీరాన్ని క్రుంగదీశాయి. జ్వరపీడితుడై పాట్నాలో ఆసుపత్రి పాలయ్యాడు.

1953లో కర్నల్ జాన్ హంట్ నాయకత్వాన బ్రిటిష్ బృందం వచ్చినప్పుడు అతనికి మరల ఆహ్వానం అందింది. ఈసారీ సర్దారుగా, పర్వతారోహకునిగా ద్విపాత్ర. ఈ రెండు బాధ్యతల నడుమ అతడు నలిగిన సందర్భాలు లేకపోలేదు. ఖాట్మండులో షెర్పాలకు మోటారు షెడ్డులో విడిది ఇచ్చినప్పుడు వారు ఆగ్రహించారు. తమను తక్కువ చేశారన్న బాధ వారిది. టెన్సింగ్ తన వారి గౌరవాన్ని విడువక, యాత్ర చెడిపోకుండా ఇరువర్గాలకూ మధ్యవర్తిగా వ్యవహరించాడు. కొండమీద ప్రమాదాన్ని అంచనా కట్టడం ఎంత కష్టమో, మనుషుల మనసుల్లో రగిలే అసంతృప్తిని గుర్తించి చల్లార్చడం అంతే కష్టం.

ఆ యాత్ర ఒకరిద్దరి బలంతో సాగినది కాదు. మూడు వందల అరవైమందికి పైగా మోతగాళ్లు సామగ్రిని ఆధార శిబిరం దిశగా మోశారు. ఆపై శిబిరం తరువాత శిబిరంగా షెర్పాలు, పర్వతారోహకులు మార్గం వేశారు. ఏప్రిల్ నెలలో ఒకనాడు హిమప్రపాతం మీదుగా దిగుతుండగా హిల్లరీ దూకిన మంచుగడ్డ విరిగి, అతడు లోతైన పగులులోకి పడిపోయాడు. తాడు రెండవ కొసన ఉన్న టెన్సింగ్ రెప్పపాటులో మంచుగొడ్డలిని మంచులో దిగగొట్టి, తాడును దానికి చుట్టి బిగించి నిలబడ్డాడు. హిల్లరీ ప్రాణం నిలిచింది. ఆ క్షణంలో ఆలోచించే వ్యవధి లేదు. ఏళ్ల తరబడి అలవడిన అప్రమత్తత చేతులను నడిపించింది. ఆ ఇద్దరి జోడీకి పునాది పడినది ఆ రోజే.

మే 26న మొదటి జంట బూర్డియన్, ఇవాన్స్ దక్షిణ శిఖరం దాకా వెళ్లారు. అది అసలు శిఖరానికి కేవలం వంద మీటర్ల దిగువన ఉన్నది. పొద్దు వాలుతున్నది, ప్రాణవాయువు తరుగుతున్నది. వారు వెనుదిరిగారు. అదే రోజున హంట్, దా నాంగ్యాల్ అనే షెర్పా ఆయాసపడుతూ కొంత సామగ్రిని ఎనిమిది వేల మూడు వందల మీటర్లు దాటిన చోట వదలి వచ్చారు. మే 28న లో, గ్రెగరీ, ఆంగ్ నిమా ఆ సామగ్రితో పాటు తమ బరువులను ఇంకా పైకి చేర్చి, హిల్లరీని, టెన్సింగ్‌ను అక్కడ విడిచి కిందికి దిగిపోయారు. తమకు శిఖరం దక్కదని తెలిసి కూడా ఇతరుల కోసం మోసిన ఆ బరువులే విజయానికి మెట్లయ్యాయి.

ఆ రాత్రి దాదాపు 8,500 మీటర్ల ఎత్తున, వాలు మీద ఇరుకుగా వేసిన గుడారంలో ఇద్దరూ గడిపారు. టెన్సింగ్ బూట్లు విప్పక కాళ్లకే ఉంచుకొన్నాడు. హిల్లరీ విప్పి బయట పెట్టిన బూట్లు తెల్లవారేసరికి రాళ్లలా గడ్డకట్టుకుపోయాయి. వాటిని పొయ్యిమీద కాచి మెత్తబరచడానికి రెండు గంటలు పట్టింది. ఉదయం ఆరున్నరకు బయలుదేరారు. దక్షిణ శిఖరం దిగువ వాలులో మంచు గట్టిపడక జారుతున్నది. ఇద్దరూ ఆగి సంప్రదించుకొని, ప్రమాదాన్ని ఒప్పుకొని, జాగ్రత్తగా ముందుకు కదిలారు. ఇవాన్స్ జంట వదలిపెట్టిన ప్రాణవాయువు సీసాలను తిరుగు ప్రయాణానికి గుర్తుపెట్టుకొన్నారు. ఆపై నిట్టనిలువైన రాతిగోడను హిల్లరీ మంచుకూ రాతికీ నడిమి సందులో ఎక్కి, టెన్సింగ్‌కు తాడు అందించాడు. ఉదయం పదకొండున్నర గంటలకు ఇద్దరూ శిఖరాగ్రాన నిలిచారు.

అక్కడ టెన్సింగ్ మెడలో ఒక ఎర్రని గుడ్డ ఉన్నది. అది ముందు సంవత్సరం తనతో కలిసి వెనుదిరిగిన లాంబేర్ బహూకరించినది. తన మిఠాయిలను, కూతురు నిమా ఇచ్చిన చిన్న పెన్సిలును చోమోలుంగ్మాకు నైవేద్యంగా మంచులో ఉంచాడు. ఐక్యరాజ్యసమితి, బ్రిటన్, నేపాల్, భారతదేశ పతాకాలు కట్టిన మంచుగొడ్డలిని ఎత్తి పట్టుకొన్నాడు. పావుగంట సేపు అక్కడ గడిపి ఇద్దరూ దిగడం మొదలుపెట్టారు.

దిగివచ్చిన తరువాత మరొక పరీక్ష ఎదురయింది. శిఖరాన మొదట పాదం మోపినది ఎవరు అన్న ప్రశ్న దేశదేశాల్లో చెలరేగింది. హిల్లరీ అని ఒకరు, టెన్సింగ్ అని మరొకరు వాదులాడుకున్నారు. ఆ వివాదంలో టెన్సింగ్‌ను ఒక పక్షం వైపు లాగాలని చూసినవారు కొల్లలు. ఇద్దరూ కలిసే చేరుకున్నామని ఆ మిత్రులు ప్రకటించారు. అనంతరం 1955లో వెలువడిన తన ఆత్మకథలో, ముందు అడుగు పెట్టినది హిల్లరీయేనని, తాను కొన్ని అడుగుల దూరంలో వెనుక ఉన్నానని టెన్సింగ్ నిస్సంకోచంగా వెల్లడించాడు. ఒకే తాడుకు కట్టుకొన్నవారిలో ముందు వెనుకల లెక్క అతనికి అల్పమైన విషయంగా తోచింది. సత్యాన్ని దాచడం మాత్రం అల్పమైన విషయంగా తోచలేదు.

బ్రిటన్ జార్జి పతకంతో, భారత ప్రభుత్వం 1959లో పద్మభూషణ్‌తో అతనిని సత్కరించాయి. సన్మానాలతోనే కాలం గడపగల స్థితి వచ్చింది. అయితే అతని జీవితంలో సుదీర్ఘమైన అధ్యాయం అప్పుడే ఆరంభమయింది. భారతీయ యువతకు పర్వతారోహణ నేర్పే ఒక సంస్థ కావాలని ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ, పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ సంకల్పించారు. 1954 నవంబరు 4న డార్జిలింగ్‌లో హిమాలయ పర్వతారోహణ సంస్థ ప్రారంభమయింది. మేజర్ నరేంద్ర ధర్ జయాల్ దాని తొలి ప్రధానాచార్యుడు. క్షేత్రశిక్షణ సంచాలకుని బాధ్యత టెన్సింగ్ స్వీకరించాడు. ఎవరెస్టు ఎక్కినవానికి ఇంకా నేర్చుకోవలసినది ఏమున్నదని అతడు అనుకోలేదు. ఎక్కడం వేరు, నేర్పడం వేరని గ్రహించి, అదే సంవత్సరం స్విట్జర్లాండు వెళ్లి, ఆర్నాల్డ్ గ్లాట్‌హార్డ్ వద్ద కొందరు షెర్పాలతో కలిసి శిష్యునిగా శిక్షణ పొందాడు.

డార్జిలింగ్‌కు వచ్చే యువకుల్లో సైనికులు, విద్యార్థులు, ఉద్యోగులు ఉండేవారు. తొలుత ఊరి చెంతనున్న బండలమీద సాధన, పిదప సిక్కిం కొండల్లోని శిబిరానికి నడక, అటుపై హిమానీనదం మీద అభ్యాసం. ముడి వేయడం, వేసిన ముడిని తోటివాని చేత సరిచూపించుకోవడం, మంచుగొడ్డలితో జారుడును ఆపుకోవడం, పగుళ్లను పోల్చుకోవడం వంటివి అక్కడి పాఠాలు. నలుగురు ఒకే తాడుకు కట్టుకొని నడిచేటప్పుడు వారిలో బలహీనుని నడకయే బృందం నడక. వేగంగా పోగలిగినవాడు ఆగడం నేర్చుకోవాలి, అలసినవాడు అలసితినని దాచక చెప్పడం నేర్చుకోవాలి. ధనిక, పేద, కుల, ప్రాంత భేదాలు ఆ తాడు ముందు నిలవవు. ఎందుకంటే ఒకడు జారితే పట్టి నిలపవలసినది పక్కవాడే. ఏళ్ల అనుభవంతో టెన్సింగ్ తెలుసుకొన్నదంతా ఈ విధంగా పాఠ్యక్రమమై శిష్యులకు అందింది.

ఆ శిక్షణ ఫలితం దేశానికి దక్కింది. భారతీయ బృందాలు 1960లోనూ 1962లోనూ ఎవరెస్టు శిఖరానికి చేరువగా వెళ్లి, వాతావరణం ప్రతికూలించగా వెనుదిరిగాయి. ప్రాణాలు కాపాడుకొని తిరిగివచ్చినవారి అనుభవమే తరువాతి ప్రయత్నానికి పెట్టుబడి అయింది. 1965లో ఎం.ఎస్. కోహ్లి నాయకత్వాన తొమ్మిదిమంది భారతీయ బృంద సభ్యులు శిఖరాన్ని చేరుకున్నారు. వారిలో టెన్సింగ్ మేనల్లుడు నవాంగ్ గోంబు ఒకడు. అంతకు ముందు 1963లోనే అమెరికా బృందంతో ఎవరెస్టు ఎక్కిన గోంబు, రెండుమార్లు ఆ శిఖరాన్ని చేరిన మొదటి మానవుడయ్యాడు. 1976లో టెన్సింగ్ పదవీ విరమణ చేసిన తరువాత ఆ బాధ్యతను అతడే స్వీకరించాడు.

టెన్సింగ్ నార్గే 1986 మే 9న డార్జిలింగ్‌లో కన్నుమూశాడు. అతడు పనిచేసిన సంస్థ ప్రాంగణంలోనే అంత్యక్రియలు జరిగాయి. సాహసకార్యాల్లో రాణించినవారికి భారత ప్రభుత్వం ఇచ్చే జాతీయ పురస్కారం నేడు అతని పేరునే ధరించి ఉన్నది. అతడు చూపిన దారి తెలుగునేలకు కూడా చేరింది. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టును అధిరోహించారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. భువనగిరి బండమీద మొదలైన వారి సాధన డార్జిలింగ్ కొండల్లో కొనసాగింది. 1935లో ఇరవయ్యొక్కేళ్ల టెన్సింగ్ బరువులు మోసుకుపోయిన ఉత్తర పార్శ్వం నుంచే ఆ పిల్లలు శిఖరాన్ని చేరుకున్నారు.

శిఖరాన్ని చేరిన పావుగంట టెన్సింగ్‌కు కీర్తిని తెచ్చింది. ఆ పావుగంటకు అర్హత కల్పించినవి మాత్రం అతడు వెనుదిరిగిన సందర్భాలు, వలదని చెప్పిన సందర్భాలు, తోటివానికోసం మరల పైకి ఎక్కిన సందర్భాలు. జీవితంలో ప్రతి ఒక్కరికీ ఎక్కవలసిన కొండ ఒకటి ఉంటుంది. దానికి సిద్ధమయ్యేవారు తమ తాడు రెండవ కొసన ఉన్నవారిని మరువరాదని ఆ హిమాలయ ధీరుని జీవితం ప్రబోధిస్తున్నది.